గాలివాన వెలిసిన పిమ్మట గుత్తలు

ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా వేఱొకడు చుట్టకు నిప్పడిగెనను సామెత మన యిండ్లలో ఎల్లరు నెఱిగినదే. ఆ రెండవవాని హృదయము రాయి యని మనము తలంతుము. కాని కాలిన యింటి బూడిద నెత్తిపోయుటకును, క్రొత్త వాసములు నిలుపుటకును, కప్పు వేయుటకును ఎవరో యొకరు కూలి పుచ్చుకొని రాక తప్పదు గదా! వారిని చుట్టకు నిప్పడిగినవానితో జమకట్టుట న్యాయము కాదు. మఱి ఆపదలో తోడ్పడి న్యాయమైన ప్రతిఫలము గొనువాని నెవనిగా గుర్తింపవలెను? ఆపదనే పంటగా కోసికొనువాని నెట్లు తొలగింపవలెను? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రము మంచి ఉదాహరణముల నిచ్చుచున్నది. మన బంగాళాఖాతమున తుపాననబడునదే అట్లాంటికు తీరమున హరికేననబడును. ఆ గాలివానలు వెలిసిన పిమ్మట ప్రభుత్వము వర్తకసంస్థలతో చేసికొనిన ఒడంబడికల కథయే యీ వ్యాసమునకు విషయము.

గాలివాన యొక నగరమును కూల్చినప్పుడు ప్రభుత్వము తన కొలువులోని మనుష్యులచేతనే సమస్తమును చేయింపజాలదు. ఒక్క వారములో వేలకొలది లారీలు, వడ్రంగులు, విద్యుత్తు పనివారు, టార్పాలినులు, త్రాగునీరు కావలసివచ్చును. వీనినన్నిటిని ఎన్నడో రాబోవు గాలివానకొఱకై ఏటేట పోషించి యుంచుటయు తగదు. కావున గుత్తల కిచ్చుట తప్పనిసరి. సామాన్యకాలములో గుత్త యిచ్చుటకు ఒక క్రమము కలదు. పని యింతయని ప్రకటింతురు. మూసిన కవరులలో టెండర్లు పుచ్చుకొందురు. ధరలను పోల్చి, యోగ్యతను విచారించి, తగినవానికి పని యప్పగింతురు. దీనికి నెలలు పట్టును. ఆకలిగొన్నవాని యెదుట కూర్చుండి నెలల తరబడి బియ్యము బేరమాడుట ధర్మము కాదు గాన, ఆపత్కాలమున ఆ క్రమమును సడలింతురు. ఆ సడలింపు దయవలన పుట్టినదే. కాని దయ తెఱచిన తలుపుగుండ లోభమును లోపలికి వచ్చును. చరిత్రమంతయు చూచినచో తేలునది యొక్కటియే: గాలివాననాటి ధర్మము గాలి లేని దినములలోనే వ్రాసికొని యుండవలెను.

టెక్సాసు తీరమున గాల్వెస్టను అను ద్వీపనగరము కలదు. 1900 సెప్టెంబరు 8వ తేదీని సముద్రము పొంగి ఆ పురముపై పడెను. మృతులు ఆఱువేలకు తక్కువ లేరు. ఎనిమిదివేలని చెప్పువారును కలరు. ఆ దేశచరిత్రములో ప్రకృతి విపత్తు వలన ఇంత ప్రాణనష్టము మఱెన్నడును కలుగలేదు. ఆనాటికి విపత్సహాయమునుగుఱించి శాశ్వతమైన కేంద్రశాసన మేదియు లేదు. దాతల ధర్మమును, వృద్ధురాలైన క్లారా బార్టను నాయకత్వమున వచ్చిన రెడ్ క్రాసు సంఘమును కొంత ఊఱట కలిగించినవి. శవముల నెత్తు ఘోరమైన పనికి మాత్రము నల్లజాతి పురుషులను తుపాకి చూపి బలవంతముగా కొనిపోయిరి. ఆపద అందఱికి సమానముగా వచ్చినను, ఆపద వెనుక వచ్చు పని అందఱికి సమానముగా రాదని ఆ దినములే చాటినవి.

అయినను పునర్నిర్మాణ విషయమున ఆ పురజనులు చూపిన నిదానము మెచ్చదగినది. 1901లో వారు తమ పురపాలనమునే మార్చుకొని, ఒక్కొక్క శాఖకు బాధ్యుడైన యొక్కొక్క కమీషనరు గల క్రొత్తపద్ధతి నేర్పఱచుకొనిరి. పిదప ముగ్గురు ఇంజనీర్ల సంఘమును నియమించిరి. అందొకడగు హెన్రీ మార్టిను రాబర్టు సభానిర్వహణ నియమములను 1876లో గ్రంథముగా ప్రకటించి ప్రసిద్ధికెక్కినవాడు. నేటికిని పెక్కు సభలలో ప్రతిపాదనలు, సవరణలు నడచు తీరునకు ఆ గ్రంథమే మార్గదర్శకము. 1902 ఆరంభమున ఆ సంఘము సముద్రమున కడ్డుగా గోడ కట్టవలెననియు, నగరపు నేలమట్టమునే పెంచవలెననియు వ్యయపు టంచనాలతో నివేదిక యిచ్చెను. గోడకొఱకు ఆ మండలము 15 లక్షల డాలర్ల ఋణపత్రములను విక్రయించెను. ఇండ్లు కోల్పోయిన పురజనులే వానిని విరివిగా కొనిరి. ఆ తరువాతనే గుత్త యిచ్చిరి. డెన్వరు నగరపు గుత్తదారులు 1902 అక్టోబరులో పని మొదలిడి, 1904 జూలైలో 17 అడుగుల యెత్తు, మూడుమైళ్లకు పైగా పొడవు గల గోడను ముగించిరి. పిమ్మట మఱియొక గుత్తక్రింద రేవునుండి ఇసుకను తోడి, గొట్టములద్వారా పోసి, రెండువేలకు పైబడిన కట్టడములను జాకీలతో పైకెత్తి, నగరమునే మెట్టచేసిరి. మూడువేల టన్నుల బరువు గల ప్రార్థనామందిరము నొకదానిని 700 జాకీలతో అయిదడుగులు లేపిరట! 1915లో మఱల పెనుగాలి వచ్చినప్పుడు నగరములో ప్రాణనష్టము మునుపటితో పోల్చినచో మిగుల స్వల్పము.

ఇక్కడ పని జరిగిన వరుసను గమనింపుడు. మొదట ప్రణాళిక, పిదప అంచనా, పిదప ధనము, కడపట గుత్త. చెల్లించువాడును, ఫల మనుభవించువాడును, కనిపెట్టి చూచువాడును పురజనుడే. తన సొమ్ముతో తన వాకిట కట్టుచున్న గోడలో రాయి తగ్గినచో చూచి యూరకుండువా డెవడు?

తరువాతి దశాబ్దములలో విపత్సహాయభారము క్రమముగా కేంద్రప్రభుత్వముపై పడెను. 1931నాటి డేవిసు-బేకను శాసనము ప్రభుత్వ నిర్మాణపు పనులలో ఆ ప్రాంతమున వాడుకలో నున్న కూలికి తక్కువ యీయరాదని నియమించెను. 1935నాటి మిల్లరు శాసనము గుత్తదారు పని ముగించుననుటకును, క్రిందివారికి సొమ్ము చెల్లించుననుటకును జామీనుపత్రము లుంచవలెననెను. 1953లో చిన్న వ్యాపారముల తోడ్పాటుకై ప్రత్యేకశాఖ యేర్పడెను. 1979లో విపత్తు కార్యము లన్నియు ఫీమా యను నొక్క సంస్థక్రిందికి వచ్చినవి. 1988నాటి స్టాఫర్డు శాసనము, విపత్తు తగిలిన ప్రాంతపు వ్యక్తులకును సంస్థలకును గుత్తలలో సాధ్యమైనంతవఱకు మొగ్గు చూపవలెనని విధించెను. కాగితముమీద ఇంత చక్కని కట్టుబాటు మఱెచ్చటను దొరకుట అరుదు.

2005 ఆగస్టు 29వ తేదీని కత్రీనా యను పెనుగాలి లూసియానా, మిసిసిపీ తీరములను తాకెను. న్యూ ఆర్లియన్సు నగరపు కరకట్టలు తెగి, నగరములో నూటికి ఎనుబదిపాళ్లు నీట మునిగెను. పదిదినములలోపలనే అమెరికా శాసనసభ మొదట 1,050 కోట్ల డాలర్లను, పిదప 5,180 కోట్ల డాలర్లను మంజూరుచేసెను. ఒక్కమాటు ఇంత ధనము వచ్చి పడగా, దానిని క్రమముగా పంచుటకు తగిన ఉద్యోగులును లేరు, ముందుగా వ్రాసియుంచిన ఒడంబడికలును చాలినన్ని లేవు. నిరాశ్రయులకు తాత్కాలిక గృహముల నేర్పఱచు పనిని నాలుగు మహాసంస్థలకు పోటీ లేకయే యిచ్చిరి. ఒక్కొక్కదానికి మొదట 10 కోట్ల డాలర్ల పరిమితి; పిదప అది 50 కోట్లకు పెరిగెను. ఈ గుత్తలను మఱల పోటీకి పెట్టుదుమని ఫీమా తాత్కాలికాధిపతి అక్టోబరులో సెనేటు సంఘము నెదుట మాట యిచ్చెను. ఆ మాట నెలల తరబడి మాటగానే నిలిచెను.

కాగితములు లేకయే కొనదగిన చిన్న వస్తువుల పరిమితిని 2,500 డాలర్లనుండి 2,50,000 డాలర్లకు పెంచిరి. విమర్శ చెలరేగగా అక్టోబరు మొదటివారములోనే ఉపసంహరించిరి. పదివేలకు పైగా కదలుటిండ్లు ఆర్కన్సా రాష్ట్రమున నొక విమానస్థలమున నెలలకొలది ఊరకే పడియుండెను. ఏలన, వరదపల్లపు భూములలో అట్టి యిండ్లు నిలుపరాదని ఆనాడు ఫీమా నిబంధనయే యుండెను. నిరాశ్రయులలో పెక్కురు ఆ భూములవారే. ఆ యూరి పేరు హోప్. అనగా ఆశ!

2006 ఆగస్టులో శాసనసభలోని ప్రతిపక్ష సభ్యుల సిబ్బంది ప్రకటించిన నివేదిక ప్రకారము, అప్పటికి ప్రైవేటు సంస్థల కిచ్చిన గుత్తల మొత్తము 1,060 కోట్ల డాలర్లు. వీనిలో సుమారు 70 పాళ్లు సంపూర్ణమైన బహిరంగపు పోటీ లేకయే యిచ్చినవి. గాలివాన తరువాతి మొదటి వారములలో ఫీమా యిచ్చిన 160 కోట్ల డాలర్ల గుత్తలలో అల్పసంఖ్యాక జాతులవారి సంస్థలకు చేరినది సుమారు ఒకటిన్నర పాలు మాత్రమేయని ఆనాటి పత్రికలు ప్రకటించినవి. జనులలో అధికసంఖ్యాకులు నల్లజాతివారైన నగరమును బాగుచేయు పనిలో ఆ నగరపు తాపీవానికిని వడ్రంగికిని చోటు దొరకలేదని దీని యర్థము.

ఇక చోటు దొరకినవారి గతి యెట్లుండెను? మహాసంస్థ పనిని చేపట్టును, తాను చేయదు. రెండవవానికిచ్చును, వాడు మూడవవానికిచ్చును, మూడవవాడు నాలుగవవానికి. కూలిన చెట్లను, ఇండ్ల శిథిలములను తోలుటకు పై గుత్తదారునకు ఘనగజమునకు 23 డాలర్లు వచ్చుచుండగా, అది చేతులు మాఱి 9 డాలర్లై, 8 డాలర్లై, 7 డాలర్లై, కడపట లారీ తోలినవానికి 3 డాలర్లుగా ముట్టినదని ఒక టెలివిజను వార్తాసంస్థ 2006లో వెల్లడించెను. విఱిగిన కప్పులపై నీలి టార్పాలినులు పఱచుటకు నూఱు చదరపుటడుగులకు 175 డాలర్లు పైవానికి చెల్లింపబడగా, నిచ్చెన యెక్కి మేకులు కొట్టినవారికి రెండు డాలర్లుగా చేరినట్లును ఆ కాలమున వ్రాసిరి. టార్పాలిను మాత్రము ప్రభుత్వమే యిచ్చినది! నడుమవారందఱును దొంగలని నేననను. పెట్టుబడి, జామీను, భీమా, లెక్కలు, మేస్త్రీపని వీనికి వెల కలదు. కాని ఒక్కొక్క మెట్టుకడ ఒక్కొక్కరు తమ పాలు తీసికొన్న పిమ్మట క్రింద మిగిలినది, ఇల్లు కూలి తానును అనాథయైన స్థానిక పనివాని కూలి. ఆ కూలికిని చట్టము రక్ష లేకుండెను: 2005 సెప్టెంబరు 8వ తేదీని దేశాధ్యక్షుడు బుష్షు ఆ మండలములలో డేవిసు-బేకను శాసనమును నిలుపుచేసెను. కార్మికసంఘములును, తన పక్షమువారిలోనే కొందఱును ఆక్షేపింపగా నవంబరు 8న మఱల అమలుచేసిరి. ఈ రెండు నెలలలోనే పెక్కు గుత్తలు వ్రాయబడినవని మఱవరాదు.

ఈ చరిత్రమున భారతీయుల కథయు నొకటి కలదు. అది ప్రభుత్వపు గుత్త కాదు గాని, ఆ గాలివానయే తెచ్చినది. దెబ్బతిన్న నూనెబావుల వేదికలను బాగుచేయుటకై మిసిసిపీ, టెక్సాసు తీరముల యందొక సంస్థ సుమారు 500 మంది భారతీయ వెల్డరులను, గొట్టములు బిగించువారిని రప్పించెను. అక్కడనే స్థిరనివాసము దొరకునను మాట నమ్మి వారు దళారులకు ఒక్కొక్కరు పదివేల డాలర్లు మొదలు ఇరువదివేలవఱకు, ఇల్లు వాకిళ్లు తాకట్టుపెట్టి చెల్లించిరి. అచ్చట కంపెనీ ఆవరణలోనే ఇరుకుగదులలో ఇరువది నలుగురి చొప్పున కుక్కి, నెలకు 1,050 డాలర్లు అద్దెగా కూలినుండి విఱగగోసిరి. 2008లో వారు పని విడిచి వెలుపలికి వచ్చి రాజధానికి కాలినడకను బయలుదేఱిరి. 2015లో న్యూ ఆర్లియన్సు నగరమందలి న్యాయస్థానమున జూరీవారు అయిదుగురు పనివారికి 1.4 కోట్ల డాలర్ల నష్టపరిహారము నిర్ణయించిరి. అదే యేట ఆ సంస్థ దివాలా తీసెను. ఆపద వలన కలుగు పనికఱవు, దళారి, అప్పు, దూరదేశపు ఆశ: ఈ నాల్గును కలిసినచోట దాస్యము మఱల తలయెత్తుననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అమెరికాదేశస్థులు ఈ తప్పులను దాచలేదు. విచారణలు జరిపి, పత్రికలలో వ్రాసి, 2006 అక్టోబరులో క్రొత్త శాసనము చేసిరి. ఆపదలకు కావలసిన వస్తువుల ఒడంబడికలను ముందుగానే పోటీపద్ధతిని సిద్ధపఱచి యుంచవలెను. అత్యవసరము పేర పోటీ లేక యిచ్చిన గుత్త సామాన్యముగా 150 దినములకు మించరాదు. కొన్ని గుత్తలలో వ్యయమున 65 పాళ్లకు మించి ఉపగుత్తల కీయరాదు. బయటి సంస్థల చేతిలోని పనిని వీలైనంత త్వరగా స్థానిక సంస్థలకు మార్పవలెను. ఆ యేటనే మఱియొక మంచి నిర్ణయము జరిగెను. మిసిసిపీలో శిథిలములు తీయు పనికి ఆ రాష్ట్రపు సంస్థలనే పిలువగా, బయటి మహాసంస్థ యొకటి ఆక్షేపించెను. శాసనసభకు లోబడిన లెక్కల తనిఖీశాఖ ఆ ఆక్షేపణను త్రోసివేసెను. స్థానికులకు మొగ్గు అనుమాట కేవలము శుభాకాంక్ష కాదనియు, అది అమలుచేయదగిన నియమమే యనియు దానితో స్థిరపడెను.

అయితే శాసనము వ్రాయుటతో కథ ముగిసెనా? 2017 సెప్టెంబరు 20వ తేదీని మరియా యను గాలివాన పోర్టోరికో ద్వీపమంతటిని చీకటిపాలు చేసెను. అక్కడి విద్యుత్సంస్థ 30 కోట్ల డాలర్ల గుత్త నొక సంస్థకిచ్చెను. గాలివాన నాటికి ఆ సంస్థలో పూర్తికాలపు ఉద్యోగు లిద్దఱే. కూలిధరలలోని ఖర్చును లాభమును ఫీమా మొదలగువారు తనిఖీ చేయరాదని ఆ ఒడంబడికలో నొక షరతు! దుమారము చెలరేగి గుత్త రద్దయ్యెను. మఱియొకచోట మూడుకోట్ల భోజనపు పొట్లముల నిచ్చుటకు 15.6 కోట్ల డాలర్ల గుత్తను ఫీమా ఏకవ్యక్తి నడుపు సంస్థకిచ్చెను. గడువునాటికి చేరినవి 50,000 మాత్రమే. వానిలోను ఆహారము వేఱుగ, దానిని వెచ్చజేయు సంచులు వేఱుగ వచ్చెను. ఆ సంస్థతో చేసికొనిన ప్రభుత్వపు గుత్తలు అంతకు పూర్వమే పెక్కు రద్దయినట్లు దస్తావేజులలో నుండెను. ఆ కాగితమును తెఱచి చూడదగిన తీఱిక యెవరికిని లేకపోయెను.

ఇచ్చట నొక చిక్కు కలదు. కత్రీనాలో పెద్దసంస్థలను నమ్మి చెడితిమని చిన్నవారివైపు తిరిగినచో, చిన్నవాడెల్ల యోగ్యుడు కాడని మరియా చూపెను. ముందుగానే ఒడంబడికలు వ్రాసియుంచుడని శాసించినచో, గాలి లేని దినములలో రాజధానికి వచ్చి టెండరు వేయగలవారు మఱల మహాసంస్థలే. ఏ యూరిని గాలివాన తాకునో ముందుగా నెవరు నెఱుగరు గాన, ఆ యూరి మేస్త్రీ పేరు ఆ పట్టికలో నుండదు. ముందుచూపును, స్థానికుల హక్కును ఈ విధముగా నొకదానితో నొకటి పెనగులాడుచున్నవి.

ఈ పెనగులాట తీఱుటకు నాకు తోచిన మార్గము చిన్నవ్యాపారి ప్రవేశమును సుగమము చేయుటయే. అతడు ముందుగానే ప్రభుత్వపు పట్టికలో పేరు నమోదుచేసికొని, తన పరికరములు, భీమా, పూర్వపు పనుల లెక్కలు సిద్ధముగా నుంచుకొనవలెను. ప్రభుత్వము తనవంతుగా మహాగుత్తను పేటల ప్రకారము చిన్న చిన్న గుత్తలుగా విఱువవలెను. జామీను కట్టలేని యోగ్యునికి జామీనులో తోడ్పడవలెను. చేసిన పనికి సొమ్ము త్వరగా చెల్లింపవలెను. ఏలన, మహాసంస్థ ఆఱు నెలలు ఆగగలదు, నాలుగు లారీలవాడు ఆగలేడు. ప్రతి మెట్టుకడ ఎవరికెంత ముట్టినదో బహిరంగముగా ప్రకటింపవలెను. ఈ కడపటి దానిని మించిన మందు లేదు. ఇరువదిమూడు మూడుగా కరగుట వెలుతురులో జరుగదు.

తీరవాసులమగు మన కిది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనల జ్ఞాపకము మన కుటుంబములలో ఇంకను మాసిపోలేదు. గాలివాన వచ్చినప్పుడు మనము బియ్యమును, బట్టలను పంపుదుము. చందాల పట్టికలో పేరు వ్రాయుదుము. అది మంచిదే. కాని తరువాత మూడేండ్లపాటు నడచు గట్లపనియొక్క, ఇండ్లపనియొక్క లెక్కలను అడిగి చదువువారెందఱు? గాల్వెస్టను పురజనులు తమ గోడ లెక్క తామే చూచుకొనిరి. న్యూ ఆర్లియన్సువారి లెక్క దూరమున నున్న వారెవరో వ్రాసిరి. ఆ రెండు నగరముల తారతమ్యము ఇక్కడనే కలదు. చందా యిచ్చిన చేతితోనే లెక్కయు అడుగుట నేర్చిననాడు, నిచ్చెన యెక్కి మేకు కొట్టిన పనివానికి న్యాయమైన కూలి ముట్టును. చుట్టకు నిప్పడుగువాడును దూరమునుండియే వెనుదిరుగును.